పిన్ని జబ్బ మీద టీకా

రేపల్లెలో మా పిన్ని మంచం దిగి నడిచిందంటే అది ఆ తెల్ల బిళ్లల చలవే. కీళ్లవాతంతో దువ్వెన కూడా పట్టుకోలేని మనిషి, తెనాలి డాక్టరు గారు స్టీరాయిడ్ బిళ్లలు రాసిచ్చాక మళ్లీ గారెలు వండింది, బాబాయిని ఆటపట్టించింది. బిళ్లలకి మొహం గుండ్రంగా ఉబ్బితే, "ఇన్నాళ్లకి అత్తింటి తిండి ఒంటబట్టింది" అని నవ్వేది.

అరవైల చివర్లో మశూచి టీకాల వాళ్లు వాళ్ల వీధికొచ్చారు. ఆడవాళ్లంతా తలుపు చాటుకి తప్పుకుంటే, పిన్నే ముందుకొచ్చి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఏం మందులు వాడుతున్నావని వాళ్లు అడగలేదు. చెప్పాలని మావాళ్లకీ తెలీదు.

నేనప్పుడు బాపట్లలో టీచరు ట్రైనింగులో ఉన్నాను. సెలవులకి వెళ్లేసరికి వీధిలో అందరి టీకాలూ పక్కు కట్టి రాలిపోయాయి. పిన్నిది మాత్రం అరచెయ్యంత పుండు. నడుమ నల్లగా ఉంది, చుట్టూ ఎరుపన్నదే లేదు. నొప్పి కూడా లేదంది.

వాళ్లత్తగారు మాత్రం గుమ్మానికి వేపమండలు కట్టి, "అమ్మవారు బాగా పోసిందే. చల్లబడేదాకా మందూ మాకూ ముట్టకూడదు" అని బిళ్లల సీసా అటకెక్కించేశారు. ఆవిడకి కోడలంటే ప్రాణం. పెరుగన్నం తనే కలిపి పెడుతున్నారు. పిన్నికి అదీ ఇమడ్డం లేదు. వాంతులు, లేస్తే కళ్లు తిరగడం.

బాబాయితో పోట్లాడి, మర్నాడు పొద్దుటి రైలుకి అందర్నీ బయల్దేరదీశాను. వేమూరు దాటేసరికి పిన్ని పిలిస్తే పలకడం లేదు.

తెనాలిలో డాక్టరు గారు ఆ పుండు చూసి బిత్తరపోయారు. "టీకానా? ఈ బిళ్లలు మింగే మనిషికా? అందులో ఉండేది బతికున్న క్రిమమ్మా. మామూలు ఒళ్లయితే దాన్ని అణిచేస్తుంది. ఈ బిళ్లలు ఒంటికి ఆ శక్తి లేకుండా చేస్తాయి."

"బిళ్లలు ఎప్పుడో ఆపేశామండి" అన్నారు అత్తగారు, మంచి పనే చేశామన్నట్టు.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఆపేశారా! వీటికి అలవాటు పడ్డ ఒంట్లో సొంత సత్తువ ఊరడం మానేస్తుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందండి!" అంటూనే సూది మందుకి పరిగెత్తారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "టీకా వద్దని, బిళ్లలు ఆపొద్దని ముందే ఎందుకు చెప్పలేదండి?" అని నిలదీశాను. ఆయన పిన్ని నాడి పట్టుకునే ఉన్నారు.

"చెప్పాలని తోచలేదమ్మా" అన్నారు. నిండు ప్రాణానికి ఇంతేనా జవాబు అనుకున్నాను.

సాయంత్రానికి పిన్ని పోయింది.

ఇంటికి తెచ్చాక, అమ్మవారు తీసుకెళ్లిన మనిషి కోసం ఏడవకూడదన్నారు పెద్దవాళ్లు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. "అమ్మవారు కాదు మామ్మగారూ, ఏడవండి" అని ఆవిణ్ని పట్టుకుని, వీధంతా వినపడేలా ఏడ్చాను.