గ్రహాంతర భాష మాట్లాడిన సిస్టర్ ఆంటీ

సిస్టర్ ఆంటీ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న నేను గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసి, "భయ్యా, మమ్మీ నహీ రహీ" అంది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే. క్యాబ్ వెనక్కి తిప్పించాను. దారిపొడుగునా ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెబుతాను. చెబితే పరువు పోయే సంగతే. పోనీండి, ఇన్నాళ్లూ దాచుకుని బావుకున్నదేమిటి?

నా చిన్నప్పుడు దక్షిణ ఢిల్లీలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఆవిడది కింది ఇల్లు. భర్త మా నాన్నగారిలాగే సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి. ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చి పెద్దాసుపత్రిలో నర్సుగా కుదిరారు. మా బ్లాకులో ఎవరికి సూది వెయ్యాలన్నా ఆవిడే. చేతులు రెండూ రుద్ది వెచ్చజేసుకున్నాకే ఒంటి మీద చెయ్యి వేసేవారు. "పదిదాకా లెక్కపెడతా, గోడకేసి చూడు" అనేవారు. ఆరుకే గుచ్చేసేవారు. ఇదేం మోసం ఆంటీ అంటే, పదికి గుచ్చుతానంటే తొమ్మిదికే బిగుసుకుపోతావు కదరా అని నవ్వేవారు. ప్రతిసారీ ఆరుకే గుచ్చేవారు, ప్రతిసారీ నేను పదిదాకా నమ్మేవాణ్ణి.

ఇక ఆ సీరియల్. పేరు చెప్పను, హిందీ టీవీ చూసి పెరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. మధ్యలో నటులు మారారు, ఛానళ్లు మారాయి, బొమ్మల సీరియల్ అయింది, ఇప్పుడు ఫోన్లలో కొత్తగా వస్తోంది. ఆకాశనౌక, దాని కెప్టెన్, బూడిదరంగు మొహాల గ్రహాంతరవాసులు, వాళ్లకో వింత భాష. మొదట్లో దాని షూటింగు నోయిడాలో ఒక స్టూడియోలో జరిగేది. రబ్బరు మొహాలు అంటించే జిగురుకి నటులకి దద్దుర్లు వచ్చేవి. అందుకని వాళ్లకో నర్సు కావలసివచ్చింది. సెలవురోజుల్లో ఆంటీ వెళ్లేవారు.

తెరవెనుక సంగతులన్నీ ఆవిడే చెప్పేవారు. గ్రహాంతరవాసులు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే వెండి పరికరం ఉంటుంది చూశారా, దాని ఆకారం మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. అది ఆసుపత్రి కిడ్నీ ట్రే, రోగులు వాంతి చేసుకునేది. బోర్లించి రంగు కొట్టారు. వాళ్ల ఊదారంగు రక్తం, నోటిపూతకి రాసే మందు. అవి విని నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

భాష సంగతి మాత్రం వేరు. ఒకరోజు రబ్బరు మొహంలో ఉన్న నటుణ్ణి ఆంటీ అలవాటు కొద్దీ, "మందేసుకున్నావా నాయనా?" అని అడిగారట. పక్కనున్న డైరెక్టరు చెవులు రిక్కించి, ఇదేం భాష దీదీ, ఇంకోసారి అనండి అన్నాడట. అంతే. ఆ మధ్యాహ్నం ఆవిణ్ణి మైకు ముందు కూర్చోబెట్టి ఏది తోస్తే అది చెప్పమన్నారు. ఆవిడకి తోచేది వార్డు మాటలే కదా. అవన్నీ రికార్డు చేసి, మిషన్లో వేసి, గొంతు లావు చేసి, సాగదీసి వాడుకున్నారు. సేనాపతి కత్తి ఎత్తి గర్జించే ఆ భయంకరమైన శపథం, "కదలమాక, సూది ఇరుగుద్ది." చనిపోతున్న రాజు ఆఖరి మాట, "ఏం కాదులే, పడుకో." వాళ్ల వందనమేమో "మందేసుకున్నావా". తెరమీద హిందీలో మాత్రం 'నీ సూర్యుడు ఆరకుండుగాక' అని పడేది. ఆ ముక్క మామూలు గొంతుతో అంటే తెలుగువాళ్లకి ఇంకో అర్థం కూడా తట్టి నవ్వొస్తుంది. ఆంటీకి మాత్రం దానికి ఒకటే అర్థం. పేర్లు వేసేటప్పుడు ఆవిడ పేరు వెయ్యలేదు. వేస్తారని ఆవిడా అనుకోలేదు.

మొదటిసారి టీవీలో విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మిషన్ ఎంత సాగదీసినా నాకు తెలిసిపోయింది. నా ఒంటికి సూది గుచ్చిన గొంతు కదా అది. ఎగిరి గంతేశాను.

మర్నాడు బళ్లో పిల్లలంతా ఆ వందనం చెప్పుకుంటున్నారు. మా ఇంటికి వచ్చిపోయే ఒకడు నావైపు తిరిగి, "అరే, యే తో తేరీ మమ్మీ జైసా బోల్తే హైఁ" అన్నాడు. మీ అమ్మలాగే మాట్లాడుతున్నారే అని. క్లాసంతా నావైపు తిరిగింది. అప్పటికే నేను వాళ్లకి 'మద్రాసీ'ని. ఇప్పుడు గ్రహాంతరవాసిని కూడా అవుతాను. కాదు కాదు, అది ఒక ప్రొఫెసర్ పాత శాసనాలని తిరగేసి చదివి తయారుచేసిన భాష, మా నాన్న ఆఫీసులో చెప్పారు అనేశాను. అప్పటికప్పుడు ఎలా తట్టిందో! నాన్న గవర్నమెంటు మనిషి కాబట్టి నమ్మారు.

తొమ్మిదేళ్లవాడి అబద్ధం, సరే, వదిలేద్దాం. ఇరవై ఆరేళ్లవాడి మాటేమిటి? చదువైపోయాక ఆ సీరియల్ తెరవెనుక విశేషాలు ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. కిడ్నీ ట్రే రాశాను, ఊదా మందు రాశాను, అవన్నీ ఆంటీ చెప్పినవే. ఆంటీ పేరెత్తలేదు. భాష దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆ ప్రొఫెసర్నే దింపాను. వ్యాసం ఊరంతా తిరిగింది. సీరియల్ వాళ్లు కూడా అదే నిజమనుకున్నారు. మొదటి డైరెక్టరు అప్పటికే లేడు. ఈ సీరియల్ గురించి ఏం కావాలన్నా వీణ్ణే అడగాలి అని నాకు పేరొచ్చింది. ఆ పేరు అబద్ధం మీద నిలబడిందని నాకొక్కడికే తెలుసు.

ఆంటీ ఒకసారి మా ఇంటికి వచ్చారు. కోపంగా కాదు. అలా వచ్చినా బాగుండేది. "ఆ ప్రొఫెసరు గారు చెప్పిందేది, నేను చెప్పిందేది? కొంచెం విడదీసి చెప్పు బాబూ, చర్చిలో అడుగుతున్నారు. నా ముక్కేదో నీ రాతలో ఒక్కచోట పడితే చాలు" అన్నారు. లేని మనిషితో తన మాటలు పంచుకోవడానికి సిద్ధపడి వచ్చారు. కనుక్కుంటానాంటీ అన్నాను. నేనేం కనుక్కోవాలి!

రెండేళ్ల కిందట కొత్త సీరియల్ వస్తోందని సాకేత్‌లో ఒక మాల్‌లో సభ పెట్టారు. వేదిక మీద నేను. ప్రశ్నలు అడగమన్నారు. మూడో వరసలోంచి ఆంటీ లేచారు, చర్చికి కట్టుకునే తెల్లచీరలో. మైకు అందుకుని, నావైపు చూసి నవ్వుతూ, "మందేసుకున్నావా, బాబూ?" అన్నారు. హాలు దద్దరిల్లిపోయింది. ఈ పెద్దావిడ ఎంత అభిమానో, ఎంత బాగా నేర్చుకున్నారో అని చప్పట్లు. పక్కనున్న యాంకరు, సర్, మేడమ్ ఉచ్చారణ ఎలా ఉందంటారు అని నన్ను అడిగింది.

అదీ నాకు దొరికిన అవకాశం. ఈవిడే ఆ గొంతు అని ఒక్క మాట. నేనేమన్నానో తెలుసా? "బాగుంది మేడమ్. కాకపోతే 'మందే' కాదు, 'మాండే'. చివర అంత ఒత్తకూడదు."

ఆంటీ బుద్ధిగా, "మాండేసు కునావా" అని నేను చెప్పినట్టే అని కూర్చున్నారు.

బయట ఎస్కలేటరు దగ్గర కలిశారు. ముఖం చాటేద్దామనుకునేలోపే చెయ్యి పట్టుకున్నారు. "తప్పు పలికానా బాబూ? పళ్లు కట్టించుకున్న కాడ్నించి మాట సరిగా తిరగట్లేదులే" అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే నమ్మారు. లేదాంటీ, బాగానే అన్నారు అన్నాను. ఇంతలో ఎవరో సెల్ఫీ అంటే అటు వెళ్లిపోయాను.

సమాధి అయ్యాక చర్చి హాల్లో కూతురు నన్ను నాలుగు మాటలు చెప్పమంది. లేచాను. మంచి నర్సు అన్నాను, చల్లని చెయ్యి అన్నాను, కూర్చున్నాను. ఆవిడ పోయాక కూడా నోరు పెగలని మనిషిని ఏమనాలి?

ఇంటికొచ్చి, ఆ సీరియల్ అభిమానులు నడిపే వెబ్‌సైటు తెరిచాను. ఎవరైనా దిద్దవచ్చు అందులో. ప్రొఫెసర్ని కొట్టేసి, ఈ భాష తెలుగు, పలికింది ఫలానా నర్సు అని ఆవిడ పూర్తి పేరుతో రాశాను. నా పేరు పెట్టలేదు. గంట తిరక్కుండా అది మాయమైంది, ప్రొఫెసర్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కింద ఆధారంగా చూపింది నా వ్యాసాన్నే. వెనకే నాకొక మెసేజీ. గురుగ్రామ్‌లోనే ఏదో ఆఫీసులో పనిచేసే అమ్మాయి, నా రాతలంటే ప్రాణమట. సర్, మీ పరిశోధనని ఎవరో పాడు చెయ్యబోయారు, ఎవరో నర్సు మాట్లాడిందట, నేను వెంటనే తీసేశాను, మీరేం బెంగపడకండి అని రాసింది.

ఇవాళ్టికి నాలుగు రోజులు. జవాబివ్వలేదు. బదులుగా మీకు ఇదంతా రాశాను. ఇప్పుడు మళ్లీ చదువుకుంటుంటే తెలుస్తోంది, తెలుగులో రాశాను. సీరియల్ వాళ్లకి తెలుగు రాదు. ఆ అమ్మాయికి రాదు. ఆంటీ కూతురికి తెలుగు అక్షరాలు కూడా రావు. ఎవరికి చెప్పాలో వాళ్లెవరూ చదవలేని చోటు చూసుకుని మరీ ఒప్పుకున్నానన్నమాట.

ఫోను పక్కనే ఉంది. ఆ అమ్మాయి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది.