వంటావిడ పేరు ముందు వేసిన సీరియల్ కంపెనీ

టీవీ సీరియల్లో హీరో కంటే ముందు తన పేరు పడేదని మా అమ్మ వీరలక్ష్మి ఏళ్ళ తరబడి చెబుతోంది. ఆవిడ నటి కాదు. పెద్దాపురంలోని ‘పంటకాలువ విజువల్స్’ అనే చిన్న కంపెనీకి షూటింగుల్లో వంట చేసేది. మొన్న ఒక పెళ్ళిలో మా పిన్ని, “గరిటె తిప్పేవాళ్ళ పేరు ముందెవరు వేస్తారక్కా, కోతలు కొయ్యకు” అని నలుగురిలో నవ్వేసింది. అమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే కంపెనీకి ఫోన్ చేస్తే, పాత టేపులు రెండున్నాయి, వచ్చి చూసుకోమన్నారు.

రాజమండ్రిలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే సామర్లకోటకు గంట పైన పడుతుంది. అనపర్తి రాగానే అమ్మ సంచి చేతిలోకి తీసుకుంది. “దిగిపోదామే. తీరా అక్కడ పేరు లేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అంది. బతిమాలి కూర్చోబెట్టాను. సామర్లకోట స్టేషన్ బయట పెద్దాపురానికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై రూపాయలు.

“ఏంటండీ, మరిడమ్మ గుడికా?” అన్నాడు డ్రైవరు.

“కాదండీ, సీరియళ్ళు తీసే పాత బియ్యం మిల్లుకి.”

“పంటకాలువోళ్ళ ఆఫీసా! మా మావయ్య వాళ్ళ సీరియళ్ళలో రెండుసార్లు చచ్చిపోయాడండీ!” అన్నాడు ఎంతో గొప్పగా.

మిల్లు గుమ్మంలో నిర్మాత వెంకటరత్నం గారు ఎదురొచ్చారు. అందరూ హైదరాబాదులో సెట్లు వేసుకుంటున్న రోజుల్లో ఈయన ఇక్కడి ఇళ్ళల్లో, కాలువ గట్ల మీద, ఇక్కడి మనుషులతోనే కథలు తీశారు. పురోహితుడి వేషానికి నిజం పురోహితుణ్ణే తీసుకొచ్చేవారట. కొత్త టేపులు చాలక, ప్రసారమైపోయిన ఎపిసోడ్ల మీదే కొత్తవి రికార్డు చేసేసేవారు. అలా వాళ్ళ చరిత్రను వాళ్ళే చెరిపేసుకున్నారు.

మొదటి టేపు వేశారు. ముందు నిర్మాత పేరు, తర్వాత హీరో పేరు. అమ్మ పేరు అసలు లేనే లేదు. ఆవిడ తలొంచుకుంది. ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది నాకు.

“ఇది మొదటి వారందమ్మా, వానకి ముందుది” అన్నారాయన. నా వైపు తిరిగి చెప్పారు. “నాలుగో వారం ధవళేశ్వరంలో షూటింగండి. మూడ్రోజులు వదలని వాన. అందరూ సామాన్లు సర్దేశారు. మీ అమ్మగారు మాత్రం టార్పాలిన్ కింద పొయ్యెలిగించి పూటపూటా వేడన్నం, పప్పుచారు పెట్టారు. అన్నం ఉడుకుతున్న చోటొదిలి ఎవడెళ్తాడండీ? నాలుగో రోజు ఎండొచ్చింది, ఎపిసోడ్ టైముకెళ్ళింది. అదెళ్ళకపోతే అప్పుడే కంపెనీ మూతపడేది. అందుకే ఆ వారం నుంచి ఆవిడ పేరే ముందేశానండి.”

“పేరు ముందు వేస్తే ఛానెల్ వాళ్ళు ఒప్పుకున్నారా?”

“కిందకి దింపమన్నారండీ. అయితే టేపు వెనక్కిచ్చెయ్యండి అన్నాను. మనది సొంత కంపెనీ కదండీ.”

రెండో టేపు గరగరలాడింది. గీతలు పోయాక తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘వంట: శ్రీమతి వీరలక్ష్మి గారు’. హీరో పేరు ఆ తర్వాతే. వెంకటరత్నం గారి పేరు అందరికంటే చివర.

అమ్మ ఏడవలేదు. కొంగు సర్దుకుని, “ఇంకోసారి వెయ్యండి బాబూ. ఏమే, పిన్నికి వీడియో కాల్ చెయ్యి” అంది.

పిన్ని ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. తర్వాత మెల్లగా, “శ్రీమతి అని కూడా వేశారే అక్కా” అంది.

ఆ కంపెనీ ఇప్పుడు యూట్యూబ్‌కి తీస్తోంది. ఇప్పటికీ మొదట పడేది వండినవాళ్ళ పేరే. ఇలాంటి కంపెనీ మా గోదావరి జిల్లాల్లో ఉందని, దాన్ని నిలబెట్టిన చేతుల్లో మా అమ్మ చేతులున్నాయని నాకు చెప్పలేనంత గర్వంగా ఉంది. మీరు వెళ్ళాలనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి, మధ్యాహ్నానికి చేరేలా బయల్దేరండి. భోజనానికి ఉండమంటారు, మొహమాటపడకండి. తిని లేచేముందు వండినవారి పేరు మాత్రం అడగండి.