గడప దాటని నాగజెముడు

పెనం మీద ఇసుక వేడెక్కుతుంటే ఒక వాసన వస్తుంది. తొలకరికి తడిసిన మట్టి వాసనకు దగ్గరి చుట్టమే గాని అంత తీపి కాదు, గొంతు పట్టేసే పొడి వాసన. మొన్న ఆదివారం పొద్దున నల్లగండ్లలో మా ఫ్లాటు వంటింట్లో, స్నేహితురాలు ఇచ్చిన జెముడు గింజలు నాటుదామని ఇసుక వేయించడానికి పెట్టాను. వేయించకపోతే అందులోని బూజు మొలకను తినేస్తుంది. మా ఆయన పెనంలోకి తొంగి చూసి, "ఇవాళ టిఫిను ఇదేనా?" అన్నాడు. ఎప్పుడైనా అయితే నాలుగు మాటలు అనేదాన్ని. ఆ రోజు పొయ్యి కట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఇసుక వేయించడం నాకు నేర్పిన మనిషి పోయి పాతికేళ్ళు దాటింది. పేరు సత్తెమ్మ. పొట్టి మనిషి, నుదుట రూపాయంత పచ్చబొట్టు, మాట పెళుసు. మియాపూర్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు.

తొంభై ఎనిమిదిలో తెనాలి పక్క పల్లె నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. అప్పటికింకా ఆ చుట్టుపక్కలంతా బండలే. మధ్యాహ్నం భోజనాల వేళకు ఎక్కడో బండలు పేల్చేవారు, మా టిఫిను డబ్బాల మూతలు గలగలమనేవి. నా ఉద్యోగం పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలు చేయడం. అందరూ దాన్ని గొప్పగా చెప్పుకునేవారు గాని, రోజంతా రాళ్ళు ఏరినట్టే ఉండేది. మియాపూర్‌లో సత్తెమ్మ పెంకుటింట్లో ఒక గది ఖాళీగా ఉందంటే వెళ్ళాను. వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తకుండానే, "ఆంధ్రనా?" అంది. అవునండి అన్నాను. "ఏం పని జేస్తవ్?"

"సంవత్సరాలు సరిచేస్తానండి. కంప్యూటర్లో."

అప్పుడు తలెత్తింది. "గయి నీ చేతుల్నే ఉన్నయా? అయితే మా ఆయన పోయిన సాలు గూడ జర సరిచెయ్యరాదు." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నేను "సరేనండి సత్తెమ్మ గారూ" అన్నాను. "గారేంది గారు. పెద్దమ్మ అను" అని గది తాళం నా చేతిలో పెట్టింది. భర్త మల్లయ్య పోయి ఎనిమిదేళ్ళయిందని, పిల్లలు లేరని, దిక్కంటే బాచుపల్లిలో ఒక చెల్లెలని తరువాత తెలిసింది.

ఆ ఇంట్లో ఒకే ఒక నియమం. మొదటి జీతం అందుకున్న సంబరంలో నేను గులాబీ కుండీ ఒకటి కొనుక్కొచ్చాను. గడపలో కాలు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. "ముండ్ల చెట్టు గడప దాటొద్దు. ఇంట్ల ముండ్లుంటే మొగుడు పెండ్లాలకు కయ్యం." నాకు పెళ్ళే కాలేదు, ఆమె భర్త లేడు, ఇక కయ్యం ఎవరికి పెద్దమ్మా అని వాదించాను. నాకు వాదించడమంటే చిన్నప్పటి నుంచీ సరదా. ఆమె కుండీని తానే ఎత్తి గేటు పక్కన పెట్టింది.

కారణం ఆ తరువాతి ఎండాకాలంలో చెప్పింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, బట్టల పెట్టె సర్దుతూ అడుగు నుంచి చిన్న జర్దా డబ్బా తీసింది. మూత తీసి నా అరచేతిలో బోర్లించింది. బల్లపరుపుగా, గట్టిగా, చిన్న చొక్కా గుండీల్లా ముప్పై గింజల దాకా ఉన్నాయి. మల్లయ్య కొండ మీది ఒక పెద్ద బంగళాలో తోటమాలి. అక్కడ మనిషెత్తు పెరిగిన నాగజెముడు ఉండేదట, ఎర్రగా పూసేదట. ఇరవై ఏళ్ళు ఆయనే పెంచాడు. బంగళా చేతులు మారి తోట తవ్వేస్తున్న రోజున, ఒక్క మట్ట నరికి ఇంటికి పట్టుకొచ్చాడు. జెముడు మట్టను ఇసుకలో గుచ్చితే చాలు, బతికేస్తుంది. సత్తెమ్మ గడప దగ్గర నిలబడి వద్దంది.

"గింత పెద్ద ముండ్లమట్ట భుజం మీద గోనెసంచిల ఏసుకొని, గా అంగడి నడుమల కెళ్లి నడిసొచ్చిండు. నేను అడ్డం నిలవడ్డ. ఏమనలే బిడ్డా. ఒక్క మాట అనలే. మర్లిపోయి మోరి పక్కన పడేసిండు. దాని పండు ఒకటి మాత్రం జేబుల దాసుకున్నడు, నాకు తెల్వకుంట. ఆయన పోయినంక పెట్టెల దొరికినయ్ గీ గింజలు."

"ఆ మురికి కాలువ దగ్గర వెతకలేదా పెద్దమ్మా?"

"తెల్లారి పోయిన. పందులు దొక్కినయ్."

ఆమెకు ఒకటే కోరిక. ఆ గింజల్లో ఒక్కటన్నా మొలవాలి. మొలిచి, దానికి ముళ్ళు రావాలి. అప్పుడు తన చేతులతో గడప దాటించి ఇంట్లో పెట్టుకోవాలి. మల్లయ్యకు తాను చెప్పవలసిన మాట అదొక్కటే మిగిలిందని ఆమె లెక్క. నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు బాధపడటం ఏమిటని లోలోపల అనుకున్నాను. ఇప్పుడు ఆ అనుకున్నందుకు సిగ్గుపడతాను.

మొదటిసారి పది గింజలు వేసింది. తుమ్మ గింజలకు చేసినట్టు మరిగే నీళ్ళు పోసి ఒక రాత్రంతా ఉంచింది. వారానికి మెత్తబడి కుళ్ళాయి. రెండోసారికి నాలుగు గింజలు డబ్బాలో ఉంచి మిగిలినవి తీసింది, జాగ్రత్తా నేర్చుకుంది. అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే గరుకు మీద ఒక్కో గింజ అంచునూ రుద్దేది, లోపలి తెలుపు సూదిమొనంత బయటపడిందని వేలికి తెలిసేదాకా. నేను పక్కన కూర్చుని రుద్దుతుంటే, "నువ్వు పుల్ల గీకినట్టు గీకుతున్నవ్. నిద్రపోయేటోని వీపు నిమిరినట్టు చెయ్యాలె" అని నా చేతిలోంచి లాక్కునేది. పెనం మీద ఇసుక వేయించి, చల్లార్చి, మట్టి మూకుడులో పోసి, పైన స్వీటు డబ్బా ప్లాస్టిక్ మూత బోర్లించింది. మూకుడు వరండాలో, నీడ తగిలే చోట. రోజూ పొద్దున ముందు దాని ముఖం చూసి తరువాత తన ముఖం కడుక్కునేది.

అయిదో వారం గడిచాక ఒక పొద్దున నేను ఆఫీసుకు పోతుంటే పిలిచింది. కేక వేయలేదు, మామూలుగానే, "బిడ్డా, జర ఇటు రా" అంది. ఇసుకలోంచి మూడు మొలకలు తల ఎత్తాయి. ఒక్కోదానికీ రెండు దళసరి ఆకులు, నిగనిగలాడుతూ. ముళ్ళు లేవు. జెముడు మొలకకు పుట్టుకతో ముళ్ళుండవని నాకు అప్పుడే తెలిసింది. సత్తెమ్మ చిటికెన వేలితో ఒక ఆకును ముట్టుకుని, "అచ్చం బెండ మొలకనే గదా. ముండ్లు రానీ, గప్పుడు లోపటికి తెస్త" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. కాని ఆ కళ్ళకు శుక్లాలు ముదిరి, మొలకల మధ్య పుట్టబోయే సన్నని ముళ్ళు కనిపించే స్థితి లేదు. అప్పటిదాకా ఎంత చెప్పినా వినని మనిషి, ఆ వారమే దవాఖానకు పోయి ఆపరేషనుకు పేరు రాయించుకుంది.

ఆపరేషను అయ్యాక రెండు వారాలు బాచుపల్లిలో చెల్లెలి దగ్గర ఉండాలి. బయల్దేరే రోజు ఆటో ఎక్కి కూర్చుని, చెల్లెలు తొందరపెడుతుంటే, నా వైపు తిరిగి ఒక్క మాట చెప్పింది. "జర నీళ్లు పొయ్యి బిడ్డా."

ఈ "జర" దగ్గరే నా బతుకు తిరిగింది. హైదరాబాదు వచ్చిన ఏడాదిలో ఈ మాటను నేను బస్సుల్లో, కొట్లలో నేర్చుకున్నాను. జర జరుగమ్మా, జర ఆగన్నా, జర చూడు బిడ్డా. అంటే "కాస్త దయచేసి" అని అర్థం చేసుకున్నాను, అది నిజమే కూడా. సత్తెమ్మ పెద్దమ్మ కూడా నన్ను ఎప్పుడు పిలిచినా "జర ఇటు రా" అనేది. కాబట్టి ఆమె నన్ను బతిమాలుతోందని అనుకున్నాను. నీళ్ళు మరిచిపోకు, దయచేసి పొయ్యి అని. అదే మాటకు "కొంచెం", "చుక్కంత" అనే అర్థం కూడా ఉందని నాకు తెలియదా అంటే, తెలుసు. ఆ క్షణాన తట్టలేదు. పైగా నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. మాకు మొక్క మీద ప్రేమంటే బోదె కాలువ నిండా నీళ్ళు. రోజూ పొద్దున ఒక గ్లాసు, ఆఫీసు నుంచి వచ్చాక ఇంకో గ్లాసు. పైన ప్లాస్టిక్ మూత, బయట ముసురు. పదో రోజుకు ఒక మొలక మొదట్లో గాజులా పారదర్శకంగా మారి పక్కకు ఒరిగింది. దాహమేసిందేమోనని ఇంకా పోశాను. రెండోది ఒరిగినప్పుడు భయపడ్డాను. మూడోదానికి, ఆ రెండాకుల మధ్య, నూగులాంటి ముళ్ళ మొగ్గ ఒకటి వచ్చి ఉంది. అది కూడా పడిపోయింది.

నర్సరీకి పరుగెత్తాను. అక్కడ బుల్లి కుండీల్లో జెముళ్ళు వరుసగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడి మళ్ళీ పెట్టేశాను. కొత్తగా చూపు తెచ్చుకుని వస్తున్న మనిషిని మొదటి చూపులోనే మోసం చేయడానికి మనసొప్పలేదు.

ఆమె నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగి, నన్ను పలకరించకుండానే మూకుడు దగ్గరికి నడిచింది. వంగి చూసింది. ఇసుకలో వేలు పెట్టి తడి చూసింది. "ఎన్ని నీళ్లు పోసినవ్?" అంది. రెండు పూటలా గ్లాసన్నాను. "జర అన్న గద బిడ్డా."

అప్పుడు మొదలుపెట్టాను. మీరు జర అంటే నేను దయచేసి అనుకున్నానని, మా వైపు ఆ మాటే లేదని, బస్సులో కండక్టరు ఎలా అంటాడో, కొట్టువాడు ఎలా అంటాడో, మీరు చుక్క అని ఉంటే సరిపోయేదని. ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. ఆమె వరండా మెట్టు మీద కూర్చుని మొత్తం వింది. చివరికి, "ఫికర్ చెయ్యకు. నువ్వేం తెలిసి జేసినవా" అంది. కొంచెం ఆగి, తనలో తాను అన్నట్టుగా, "నేను గూడ ఆయనకు గిట్లనే చెప్పిన. ముండ్లుంటే కయ్యమైతదట, మా అమ్మ చెప్పిందని. అన్నీ చెప్పిన. తప్పైందని ఒక్క మాట చెప్పలే" అంది. ఆ మాట నా కోసం కాదనుకున్నాను. అనుకుని లోపలికి వెళ్ళిపోయాను.

డబ్బాలో ఇంకా నాలుగు గింజలు మిగిలాయి. కార్తీకం దాటాక, చలి మొదలయ్యాక, అది అదను కాదని తెలిసీ వాటిని వేసింది. ఎండాకాలం దాకా ఆగుదాం పెద్దమ్మా అంటే, "నాకు ఓపిక లేదు" అంది. నిజంగానే లేదు. ఆ నెలలోనే ఆయాసం పట్టుకుంది. దవాఖాన వాళ్ళు రెండుసార్లు చేర్చుకుని, గుండె బలహీనపడిందని ఇంటికి పంపేశారు. బాచుపల్లి చెల్లెలు వచ్చి కూర్చుంది. మా ఆఫీసులో సంవత్సరం మారే గడువు దగ్గరపడి అందరూ పరేషాన్‌గా ఉన్నారు. నేను మాత్రం రోజూ మధ్యాహ్నం ఏదో సాకు చెప్పి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చునేదాన్ని.

చివరి ఆదివారం మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఏమన్న మొలిచిందా?"

మూకుడులో ఏమీ లేదు. పొద్దున్నే చూసి వచ్చాను. "ఒకటి మొలిచింది పెద్దమ్మా" అన్నాను.

"ముండ్లొచ్చినయా?"

"వచ్చాయి. సన్నగా."

ఆమె పెదవులు కదిలాయి. చెల్లెలు చెవి ఒగ్గింది, నేనూ ఒగ్గాను. "అయితే లోపటికి తే బిడ్డా. ఎప్పటి సంది బయటనే నిలవడ్డడు ఆయన."

మూకుడు ఎత్తుకుని గడప దాటి లోపలికి తెచ్చాను. మంచం పట్టె మీద పెట్టి పట్టుకున్నాను. ఆమె చెయ్యి చాపి ఇసుక మీద వేళ్ళు పెట్టింది. మెల్లగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమింది. నలభై ఏళ్ళు మట్టిలో బతికిన వేళ్ళు అవి, వాటికి ఇసుక ఏదో మొలక ఏదో తెలియకపోవడం ఉండదు. "మంచిగుంది" అంది. నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. మూడో రోజు పొద్దున పోయింది.

ఆమె నాకు చాలా నేర్పింది. అందులో అన్నిటికన్నా అవసరమైనదాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో నా వల్ల ఏదైనా చెడితే, నేను మొదట "తప్పు నాది, మన్నించండి" అంటాను, కారణాలు ఎవరైనా అడిగితే చెబుతాను, అడక్కపోతే మానేస్తాను. కొత్తగా చేరినవాళ్ళు వింతగా చూస్తారు. ఇంట్లో మా ఆయన నవ్వుతాడు, నీ అంత త్వరగా ఓడిపోయే మనిషిని చూడలేదని. సత్తెమ్మ పెద్దమ్మకు మాత్రం నేను ఆ రోజు ఒక మాటకు ఎన్ని అర్థాలుంటాయో చెప్పాను, మంచం మీద ఉన్నప్పుడు అబద్ధం చెప్పాను. ఆ రెండింటి మధ్య అయిదు నెలలు ఒకే ఇంట్లో ఉన్నాం. తప్పైంది పెద్దమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు.