నర్సింగ్ ఒక్కపొద్దు

అరబ్బు దేశంలో, సనాబిస్‌లో కడుతున్న భవనం పరంజా మీద, మూడో అంతస్తు ఎత్తున, నర్సింగ్ ఇనుప గొట్టాన్ని కరచుకొని కళ్లు మూసుకొని నిలబడిపోయాడు. నడుము బెల్టు కొక్కెం దేనికీ తగిలించలేదు. పట్టు జారితే ప్రాణం దక్కదు. అయినా కింద నవ్వేవారు నవ్వుతూనే ఉన్నారు.

“రాత్రి మందే దిగలే, మనిషెట్ల దిగుతడు?” అన్నాడు తోటి కూలీ దేవేందర్.

మధ్యాహ్నపు విరామంలోగా పని ఖలాస్ కావాలనీ, తాడు వేసి లాగెయ్యమనీ సూపర్‌వైజరు ఆజ్ఞాపించాడు. ఫోర్మన్ భీమన్న తాడు అందుకోలేదు. నీళ్లసీసా నడుముకు కట్టుకొని ఎక్కసాగాడు.

ఆనాడు శనివారం. కొండగట్టు అంజన్నకు గట్టిగా మొక్కుకున్నవాడు ఒక్కపొద్దుండి పగలంతా మంచినీళ్లు సైతం ముట్టడనీ, పనికి పనికిరాడని పంపేస్తారన్న భయంతో ఆ సంగతి ఎవరికీ చెప్పడనీ భీమన్న ఎరుగును. ఈ దేశానికి కొత్తగా వచ్చిన ఏట తానూ అట్లే దాచి, నువైద్రాత్‌లో ఇసుక మోస్తూ సొమ్మసిల్లాడు. తాగి పడ్డాడని తోటివారు దాటిపోయారు. రంజాన్ ఉపవాసంలో ఉన్న ఆ ఊరి ముసలాయన ఒకడు మాత్రం, తన నోట చుక్క నీరు లేకున్నా, భీమన్న తలను ఒడిలోకి తీసుకొని, నీళ్లు తాగించి ఖర్జూరం నలిపి పెట్టాడు. ఏమీ అడగలేదు. నాటినుంచి భీమన్న పడుతున్న మనిషిని పట్టుకోవడమే గాని కారణం అడిగి ఎరుగడు.

పైకి చేరి నర్సింగ్ నడుము చుట్టూ చెయ్యి వేశాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట లేదు. సీసా అందిస్తే వాడు పళ్లు బిగించి తల విసురుగా తిప్పుకున్నాడు. ఆ కుదుపుకు కాళ్లకింద పలక కదిలింది. కింద నవ్వులు ఆగిపోయాయి.

“వద్దు కాకా. అవ్వ దవాఖానల ఉంది. మొక్కు తప్పుతది.”

గద్దిస్తే వీడు పట్టు వదిలేస్తాడని భీమన్నకు తోచింది.

“తప్పనియ్యకు. నీ ఒక్కపొద్దు నాకియ్యి. పొద్దుగూకెదాక నేనుంట.”

నర్సింగ్ కళ్లు తెరిచాడు. “పొద్దుగాల రొట్టె తిన్నవ్ గద?”

“అంజన్నకు నేను చెప్పుకుంట. నువ్వు తాగు.”

ఎంతసేపటికో వాడి నోరు తెరుచుకుంది. భీమన్న ఆగి ఆగి తాగించి, కొక్కెం తగిలించి, ఒక్కొక్క పాదాన్నీ చేత్తో పట్టి మెట్టు మీద పెడుతూ దింపాడు.

ఆలస్యానికి సూపర్‌వైజరు సంజాయిషీ అడిగాడు. భీమన్న నర్సింగ్‌ను పడుకోబెట్టి, నుదుట తడిగుడ్డ వేశాడు. ఆస్పత్రికి పోవడానికి పిలిపించిన బండి ఇంకా రాలేదు. నీడన అందరూ డబ్బాలు విప్పగా, దేవేందర్ తన కూర భీమన్న ముందుకు జరిపాడు.

“ఒక్కపొద్దున్న,” అని భీమన్న, నర్సింగ్ నుదుటి మీది గుడ్డను మళ్లీ తడిపాడు.