ఆదెయ్య నడుము

ఆదెయ్య నడక ఊరికి అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది. 1946లో పట్టాళం నుంచి తిరిగొచ్చినవాడు పెద్దవీధిలో రెడ్లు ఎదురైతే నడుము వంచి దణ్ణం పెట్టేవాడు కాదు. ఆగి, అరచెయ్యి నుదుటికి తాకించి, తన దారిన పోయేవాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు వారనున్న ఆ ఊళ్ళో హరిజనవాడ మనిషి అట్లా నిలబడటం అంతకుముందు ఎవరూ చూడలేదు. గ్రామ మునసబు పెంచలరెడ్డి దాన్ని పొగరన్నాడు. వాడలో పౌరుషమన్నారు.

అసలు సంగతి అతని భార్య అలివేలమ్మకూ, పింఛనుకు తొలి అర్జీ రాసిపెట్టిన మిషన్ బడి పంతులు వరప్రసాదానికీ తప్ప ఎవరికీ తెలియదు.

బర్మా సరిహద్దులో, లారీలు దిగబడే బురద మీద మొద్దులు పరిచి రోడ్డు వేసే పట్టాళం కంపెనీలో పనిచేశాడు ఆదెయ్య. ఒకనాడు వానలో, ఎనిమిదిమంది మోస్తున్న మొద్దుకు ముందరి ఇద్దరూ జారారు. మొద్దు వాళ్ళ మీద పడకుండా ఆదెయ్య తన భుజాన ఆపాడు. వాళ్ళకు గీత కూడా పడలేదు. అతని నడుములో మాత్రం ఏదో కలుక్కుమంది. అప్పటినుంచి అది వంగదు. బలవంతాన వంగితే కుడికాలు మొద్దుబారి కూలబడతాడు.

ఇంటి తలుపు మూసుకున్నాకే అలివేలమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేది. నాట్లకూ కోతలకూ ఆమే పోయేది. కళ్ళాల రోజుల్లో ఆదెయ్య తూర్పార పట్టడానికి వెళ్ళేవాడు. కింద నుంచి ఒకరు చేట అందిస్తే, ముక్కాలిపీట మీద నిలబడి గింజను గాలికి వదలడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మరే పనికి పిలిచినా "మిలిటరోణ్ణి, మట్టిపని చెయ్యను" అనేవాడు. అందరూ నమ్మారు.

పింఛను కోసం పెట్టిన ఆ అర్జీ, నడుము జబ్బుకు సర్వీసు కారణం కాదంటూ తిరిగొచ్చింది. వరప్రసాదమే అప్పీలు కూడా రాశాడు. 1950 మొదట్లో దానికి జవాబు వచ్చింది. దెబ్బ ఊళ్ళో సేద్యం పనుల్లో తగిలింది కాదనీ, వచ్చిన రోజు నుంచీ వంగి పనిచేయలేకపోతున్నాడనీ గ్రామ మునసబు రాసివ్వాలి. నెలాఖరులోగా అందకపోతే అప్పీలు కొట్టేస్తారు.

"ఇంకెవురు రాసినా పనికిరాదా అయ్యవారూ?" అన్నాడు ఆదెయ్య.

"మునసబే రాయాల."

"నాలుగేండ్లుగా ఆయప్ప ముందర ఎట్ట నిలబడినానో మీకు తెలుసు. ఇప్పుడు బోయి, అయ్యా నేను అవిటోణ్ణి అని జెప్పాల్నా?"

"మొద్దు మోసింది నువ్వు. మోసినానని చెప్పుకునేదానికి సిగ్గేంది?"

ఆదెయ్యను వెనక్కి లాగిన సంగతి ఇంకొకటుంది. వాడవాళ్ళు ఏ కాయితం తెచ్చినా మునసబు ఇంటి మెట్టు మీద పెట్టాలి. తిరిగిచ్చేటప్పుడు ఆయన దాన్ని నేల మీద పడేస్తాడు. వంగి ఏరుకోవాలి. ఆదెయ్య పట్టాళం నుంచి వచ్చాక ఆ వాకిలి తొక్కలేదు.

గడువు ఇంకో ఆరు రోజులుందనగా భార్యతో కలిసి వెళ్ళాడు. పెంచలరెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంరా మిలిటరీ, దారి తప్పినావా?"

ఆదెయ్య నుదుటికి చెయ్యి తాకించాడు. అలివేలమ్మ కాయితం మెట్టు మీద పెట్టింది. మునసబు వంగి తీసుకుని రెండుసార్లు చదివాడు.

"నడుం వంగదా? దెబ్బ తగిలినోడు ఇట్ట గడకర్ర మాదిరి నిలబడతాడా?"

"వంగదు గాబట్టే గదయ్యా."

"సంతకం పెట్టేది నేను. చూడాల. ఆ పెంకు తియ్యి."

వాకిట్లో పగిలిన కుండపెంకు ఒకటి పడి ఉంది. ఆదెయ్య తొడల మీద చేతులు ఆనించాడు. అంతలో అలివేలమ్మ గబగబా వచ్చి, పెంకు తీసి మెట్టు మీద పెట్టింది.

"నాలుగేండ్లుగా ఆయన జారిచ్చిందల్లా నేనే తీస్తా ఉండా. కాళ్ళు కడిగేదీ నేనే. ఇయ్యాల గూడా నేనే తీస్తా. రాయండయ్యా."

మునసబు ముఖం తేటపడింది.

"అదా సంగతి. నేను పొగరనుకుంటిని గదరా. నడుం బాగుంటే నువ్వూ అందరి మాదిరే ఉండేవాడివి." కలం సిరాలో ముంచాడు.

ఊరకుంటే పని అయిపోతుంది. ఆదెయ్యకు ఆ సంగతి తెలుసు.

"లేదయ్యా," అన్నాడు. "నడుం బాగుండినా ఇట్నే నిలబడేవాణ్ణి. మా కంపెనీలో అందరం ఒకే మొద్దు మోసినాం. ఒకడి ముందర ఒకడు వంగలా. నడుముకీ దీనికీ సంబంధం లేదు."

కలం ఆగిపోయింది. మునసబు కాయితం ఇంకోసారి చదివాడు.

"ఇందులో అడిగింది నడుం సంగతే గదా," అని, తలవంచుకుని రాశాడు. సంతకం పెట్టి ముద్ర కొట్టాడు.

అలవాటుకొద్దీ కాయితం పట్టుకున్న చెయ్యి వాకిట్లోకి చాపాడు. నేల వంక చూశాడు, మెట్టు మీది పెంకును చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, కాయితం అరుగు అంచున పెట్టి, గాలికి ఎగరకుండా ఆ పెంకునే బరువుంచాడు. ఆదెయ్య నిలబడినవాడు నిలబడినట్టే దాన్ని అందుకున్నాడు.

అప్పీలు నెగ్గింది. మరుసటేడు వేసవిలో ఆత్మకూరు పోస్టాఫీసు నుంచి పింఛను ఉత్తర్వు వచ్చింది. నడుము సంగతి వాడంతా తెలిసింది. కాపడం ఎట్లా పెట్టాలో తలా ఒక మాట చెప్పారు గానీ, ఎవరి చూపులోనూ అతను తగ్గలేదు.

ఆ తర్వాత వాడవాళ్ళ కాయితాలు మునసబు కొన్నిసార్లు అరుగు అంచున పెట్టేవాడు, కొన్నిసార్లు మరిచి నేల మీద వేసేవాడు. ఆ ఇంటికి బయలుదేరే ప్రతివాళ్ళకూ ఆదెయ్య ఒకటే చెప్పేవాడు.

"కింద ఏస్తే తియ్యబాకండి. కొంచేపు అట్నే నిలబడండి."