బ్రేకు డ్రమ్ముకు పసుపు

ఉదయం ఏడూ పదికి మా బావ అప్పన్న కొత్త క్రేను ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఏ పని ఎన్నింటికి మొదలైందో రాసుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఆ వేళ నాకు ఖాయంగా తెలుసు. అవి పందొమ్మిది వందల ఇరవైల చివరి సంవత్సరాలు. మలయా దేశంలో పేరాక్ నది మీద, సముద్రానికి చాలా మైళ్ళు లోపలున్న రేవులో నేను ట్యాలీ క్లర్కును. అంటే ఓడలోంచి దిగే ప్రతి బస్తాకూ, పెట్టెకూ కాగితం మీద గీత పెట్టే గుమస్తాను.

రబ్బరు తోటలు పెరిగేకొద్దీ రేవుకు వచ్చే ఓడలు పెరిగాయి. పాత కర్ర జెట్టీ చాలక ఓడలు ఆనుకుని నిలబడేలా కాంక్రీటుతో కొత్త వార్ఫు కట్టారు. రైలు పట్టాలు నీటి అంచుదాకా వేశారు. అన్నిటికన్నా ఆఖరున ఆవిరితో నడిచే క్రేను వచ్చింది.

అప్పటిదాకా సరుకంతా మనుషుల భుజాల మీదే దిగేది. బావ ఇరవైమంది ముఠాకు మేస్త్రీ. అందరూ విశాఖపట్నం, విజయనగరం వైపు నుంచి బాగన్ దాతుక్ కొబ్బరి తోటలకు వచ్చి, అక్కణ్ణుంచి రేవుకు చేరినవాళ్ళు. ఇంజనీరు దొర నా చేత వాళ్ళకు ఒక మాట చెప్పించాడు. మొదటి ఓడ సరుకును క్రేనుతో సాఫీగా దించితే ముఠా ఉంటుంది. లేకపోతే వేరే మనుషుల్ని పెట్టుకుంటారు, వీళ్ళు తోటలకు తిరిగి పోవాలి.

ముందురోజు దొర ఇనుప దిమ్మలు ఎత్తించి, దింపించి చూశాడు. బ్రేకు గట్టిగా పట్టింది. సరుకు దిగేటప్పుడు తాడు చుట్టుకున్న డ్రమ్ము తిరుగుతుంది. డ్రైవరు కాలితో తొక్కితే ఒక పట్టీ డ్రమ్మును బిగించి ఆపుతుంది. ఆ పట్టీకి నూనె తగలకూడదని క్రేనుతో వచ్చిన కాగితంలో ఉంది. దాన్ని డ్రైవరు హసన్‌కు మలయ్ భాషలోనూ, ముఠాకు తెలుగులోనూ చదివి చెప్పినవాణ్ణి నేనే.

కాయ కొట్టాక బావ గిన్నెలో పసుపు, కొబ్బరినూనె కలిపాడు. మా వైపు పనిముట్లకు అలా పూయడం అలవాటు. కొడవలికైనా, బండి చక్రానికైనా అంతే. క్రేను చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీనికి మొగం ఏదిరా బామ్మర్దీ? ఇంగిలీసు సదివినావు కదా, సెప్పు."

"నీకంటే అందమైందే బావా, వెతుక్కో" అన్నాను.

"ఓలమ్మా, గుమస్తాగోరికి నోరొచ్చినాది!"

ముఠా అంతా నవ్వారు. బావ గుండ్రంగా మెరుస్తున్న డ్రమ్మును తట్టి, "ఇదే దీని మొగం" అన్నాడు. దానికి నిండా పూసి మూడు బొట్లు పెట్టాడు. నేను చేతులు జోడించి పక్కనే నిలబడ్డాను.

మొదట బియ్యం బస్తాలు దిగాయి. ఇబ్బంది లేదు. మూడో దఫాకు హసన్ కిందికి తొంగిచూసి, "కొంచెం జారుతోంది. కొత్త బండి, కాలికి అలవాటు కావాలి" అన్నాడు. నేను తల ఊపి గీత పెట్టుకున్నాను.

తర్వాత ఇనుప పైపుల కట్ట వచ్చింది. గాల్లో కొంచెం తిరుగుతోంది. జెట్టీ మీద పనిచేసినన్నాళ్ళూ, భుజాల మీది దూలానికి వేలాడే బరువు ఊగితే మేస్త్రీ వెళ్ళి చెయ్యి వేసి నిలపాలి. బావ ముఠాతో, "మీరు ఎనక్కెల్లండి, నాను సూసుకుంతాను" అని ముందుకు నడిచి చెయ్యి పైకి చాచాడు.

హసన్ కేక విన్నాను. తల ఎత్తేసరికి కట్ట నేల మీద పడి ఉంది. బావ కనిపించలేదు. పెన్సిలు నా చేతిలోనే ఉంది. కాగితం మీద ఆ పైపులకు గీత పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టానో ఈ రోజుకీ తెలియదు.

దొర పరుగున వచ్చి డ్రమ్ము మీద వేలు రుద్దాడు. వేలు పచ్చగా అయింది.

"ఇదేమిటి?" అన్నాడు ఇంగ్లీషులో.

"పసుపు. నూనె."

"ఎవరు పూశారు?"

బావ మీద గోనెపట్టా కప్పిన చోటు చూపించాను. దొర ఆ వేలు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

మా అక్క నరసమ్మ పదకొండో రోజు దాటేదాకా నన్నేమీ అడగలేదు. తర్వాత ఒక సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది.

"ఆ కాయితం నువ్వే సదివినావంత కదా తమ్ముడా?"

"చదివానక్కా."

"మరి పూత్తంటే సెప్పనేదేటి?"

"గుర్తు రాలేదు" అన్నాను.

అది నిజం కాదు. కాగితంలో మాట నాకు గుర్తుంది. కానీ డబ్బాలో వచ్చే యంత్రం నూనె గురించే ఆ మాట అనుకున్నాను. దేవుడికి పెట్టే నూనె కూడా జారుతుందని నా బుర్రకు తట్టలేదు. చాన్నాళ్ళకు ఈ సంగతి అక్కకు చెప్పాను. విని, కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

అంత జరిగినా దొర ముఠాను తీసెయ్యలేదు. తర్వాత రేవు ఇంకా పెరిగింది, గోడౌన్లు వచ్చాయి, రెండో క్రేను వచ్చింది. ఇప్పుడు కొత్త యంత్రం వస్తే కాగితం చదివి వినిపించి ఊరుకోను. మనవాళ్ళు దాని దగ్గర పొద్దున్నే ఏమేం చేస్తారో ముందు అడుగుతాను. ఒక్కొక్కటీ కాగితంతో పోల్చి చూస్తాను. నేను ఈ పని నేర్చుకోవడానికి ఒక మనిషి పోవలసివచ్చింది.

కొబ్బరికాయ ఇప్పటికీ కొడతారు, వార్ఫు చివర, నీళ్ళ వైపు. క్రేనుకు పసుపు పూయరు.