సొన మరకలు

నా చిన్నప్పుడు చిత్తూరులో మాకు వేసవి సెలవులంటే మామిడికాయలు. తినడానికి కాదు, కోయడానికి. మా కాలనీ వెనకాల ఒక మండీ యజమాని పెద్ద రేకుల షెడ్డు వేయించాడు. పచ్చి బెంగుళూరా కాయలు లారీల్లో వచ్చి అక్కడ దిగేవి. కాలనీ ఆడవాళ్ళంతా వరసగా కత్తిపీటల ముందు కూర్చుని ముక్కలు కోస్తే, ఆ ముక్కలు ఉప్పు పీపాల్లోకెక్కి మద్రాసుకు పోయి ఊరగాయలయ్యేవి. బడి మూసిన మరునాటి నుంచే పిల్లలం కూడా అమ్మల పక్కన చేరేవాళ్ళం. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారని బడి తెరిచాక ఎవరైనా అడిగితే షెడ్డుకని చెప్పేవాళ్ళం. వెళ్ళిన మాట నిజమే కదా.

పచ్చికాయకు తొడిమ తెగిన చోట సొన కారుతుంది. చూడ్డానికి పాలచుక్కలా అమాయకంగా ఉంటుంది గానీ, చర్మానికి తగిలితే కాలుస్తుంది. దానికి కాయ పులుపు, కత్తిపీట ఇనుము తోడైతే వేళ్ళూ గోళ్ళ చుట్టూ అరచేతులూ నల్లబడిపోతాయి. కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటే ఆ నలుపు మెల్లగా పడుతుంది, రాసుకోకపోతే ఒక్క పూట చాలు. ఒకసారి పట్టిందంటే ఇక దేనికీ లొంగదు. మా ఇత్తడి చెంబును బంగారంలా మెరిపించే చింతపండుతోనే నా చేతులూ తోమి చూశాను. చెంబుకు ఉన్న అదృష్టం నాకు లేదని తేలింది. కాయల కాలం పోయి కొత్త చర్మం వచ్చేదాకా అంతే.

ఎనభైల చివర్లో అలాంటి ఒక వేసవిలో మా కాలనీ పక్కనున్న మున్సిపల్ బడికి కంప్యూటరు వచ్చింది. తిరుపతి నుంచి ఒక సేవాసంఘం వాళ్ళు తెచ్చారు. పేద పిల్లలకు సెలవుల్లో కంప్యూటరు నేర్పిస్తారట. ఆటోలో బొంతల మధ్య పెట్టుకుని, బాలింతను తెచ్చినంత నెమ్మదిగా తెచ్చారు. చూడ్డానికి కాలనీ అంతా పోయింది. మా వీధి చివరి తాత అది జాతకం చెబుతుందా అని అడిగి, చెప్పదని తెలియగానే ఇంటికి వచ్చేశాడు. మా పిన్నమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని దండం పెట్టుకుంది.

పనికి పోవలసిన పిల్లను అక్కడికి పంపడానికి మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. ఒప్పించింది మా పక్కింటి అక్క. మా కాలనీలో డిగ్రీ చదివి, టైపు పరీక్షలు కూడా గట్టెక్కింది ఆమె ఒక్కతే. ఊళ్ళో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించేది. కంప్యూటరు సారుకు తోడుగా సేవాసంఘం వాళ్ళు ఆమెనే పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఆమె కూడా వాళ్ళమ్మ పక్కన కూర్చుని కాయలు కోసిందే. కాలేజీలో చేరిన రోజు కత్తిపీట వదిలింది, మళ్ళీ షెడ్డు గడప తొక్కలేదు. రోజూ చేతులకు నూనె మర్దనా చేసుకునేది, గోళ్ళు చక్కగా కత్తిరించుకునేది. దొరసాని చేతులని వీధిలో వాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది. మధ్యాహ్నం నుంచి పిల్ల షెడ్డుకు తప్పకుండా వస్తుందని ఆమె హామీ ఇచ్చాక, మా అమ్మ నన్ను పొద్దుటి పూట బడికి వదిలింది.

కంప్యూటరు సారు తిరుపతి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేవాడు. కుర్రవాడు, తెల్లచొక్కా, మెత్తటి మాట. చెడ్డవాడని ఇప్పటికీ అనను. ఆ మిషనును అతని చేతుల్లో పెట్టి పంపారు, దానికేమన్నా అయితే అతనే జవాబు చెప్పాలి. ఆ భయం అతని మొహంలో ఎప్పుడూ కనిపించేది. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ మిషను వైపు తిరిగి ఉండేది, చెమట మావైపు ఉండేది. చెప్పులు బయట విడవాలని నియమం పెట్టాడు. మాలో చాలామందికి విడవడానికి చెప్పులే లేవు కాబట్టి ఆ నియమాన్ని ఏ లోటూ లేకుండా పాటించాం. కష్టమంతా రెండో నియమంతో వచ్చింది. గుమ్మం దగ్గర చేతులు చాపి చూపించాలి. తెల్లగా ఉన్నవాళ్ళు ముందు వరస, నల్లగా ఉన్నవాళ్ళు వెనక వరస. ముందు వరసవాళ్ళు మిషను తాకొచ్చు. వెనక వరసవాళ్ళు చూడొచ్చు.

ఆఫీసుల్లో జవాన్ల పిల్లలు కొందరు ముందు కూర్చున్నారు. షెడ్డు పిల్లలమంతా వెనక. ముందువాళ్ళనైనా సారు ఎక్కువసేపు ఉండనిచ్చేవాడు కాదు. ఒక మీట నొక్కగానే జరగండి, జరగండి అనేవాడు. తిరుపతివాడు కదా, ఆ మాట అలవాటై ఉంటుంది. మేము మాత్రం మానిటర్, కీబోర్డ్ అని గట్టిగా వల్లిస్తూ, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పుట్టడాన్ని దూరం నుంచి చూసేవాళ్ళం. అక్క సారుతో మా గురించి మాట్లాడింది. అతను మర్యాదగా విన్నాడు, చూద్దామన్నాడు. ఆ మరునాడే ఒక మీట బిగుసుకుపోయింది. వెనక వరస నుంచి దాని దగ్గరికి పోయినవాళ్ళు ఎవరూ లేరు. అయినా అందరూ వెనక్కి తిరిగి మమ్మల్నే చూశారు.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ ఏం నేర్చుకున్నావని అమ్మ అడిగింది. కంప్యూటరును దూరం నుంచి గుర్తుపట్టడం నేర్చుకున్నానని చెప్పాను. నాకు ఏడుపొస్తే అలాంటి మాటలే వచ్చేవి. అమ్మ నవ్వలేదు. గుచ్చి గుచ్చి అడిగి, చేతుల సంగతంతా రాబట్టింది. తర్వాత అంది:

"ముట్టుకోనీకుండా నేర్పే సదువేం సదువు మే. రేపొక్కనాడు పో. రేపు గూడా ఎనకాలే కూర్చోబెడితే, ఎల్లుండి నుంచి తెల్లారే నాతో షెడ్డుకు వచ్చేయి. చేతులు నల్లబడేది ఎట్లా తప్పదు, కూలన్నా వస్తాది."

మా ఇంటికీ అక్కవాళ్ళ ఇంటికీ మధ్య ఉన్నది సగం గోడ. అటువైపు అక్క గిన్నెలు కడుగుతోంది. అమ్మ మాట పూర్తయ్యేసరికి అటు చప్పుడు ఆగిపోయింది.

మేము షెడ్డుకు పోయి కూర్చున్న కాసేపటికి అక్క వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఖాళీగా ఉన్న ఒక కత్తిపీట లాక్కుని మా అమ్మ పక్కన కూర్చుంది. షెడ్డంతా కోయడం ఆపి ఆమెనే చూసింది. ఎదుటి వరసలో ఒక పెద్దామె ఊరుకోలేదు.

"ఏమమ్మా టీచరమ్మా, దారి తప్పి వచ్చినావా ఈడికి?"

"దారి గుర్తుండాదో లేదో సూసుకుందామని వచ్చినా పెద్దమ్మా," అంది అక్క.

మా అమ్మ నూనె గిన్నె ఆమె వైపు తోసింది. అక్క దాన్ని తిరిగి మా అమ్మ వైపే జరిపింది. నూనె లేని చేతులతో కాయ తీసుకుని తొడిమ తెంపింది. సొన వేళ్ళ మీదుగా మణికట్టు దాకా కారింది. తుడుచుకోలేదు. షెడ్డు ఆ చివర నుంచి వాళ్ళమ్మ పరుగున వచ్చింది.

"ఆదివారం నిన్ను సూసేదానికి వస్తా ఉండారు గదే. మతి ఉండాదా నీకు?"

"వచ్చేవాళ్ళు మొగం సూస్తారులేమ్మా."

వాళ్ళమ్మ నిలబడే ఏడ్చింది. అక్క తలెత్తలేదు. అలవాటు తప్పిన చేయి కాబట్టి కాసేపటికి వేలు తెగింది. తెగిన చోట సొన పడితే ఎలా ఉంటుందో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. పాతగుడ్డ చుట్టుకుని పొద్దు వాలేదాకా కోసింది. ఆమె అంత నెమ్మదిగా కోస్తుంటే, మామూలు రోజైతే నేను ఏదో ఒక మాట అని అందరినీ నవ్వించేదాన్ని. ఆ రోజు తల వంచుకుని నా కాయలు నేను కోసుకున్నాను.

మరునాడు పొద్దున గుమ్మం దగ్గర వరస కట్టాం. మా వెనకాల చిట్టచివర అక్క నిలబడింది. సారు మా చేతులు చూసి ఎప్పటిలాగే వెనక్కి వెనక్కి అంటూ, ఆమె దగ్గరికి వచ్చేసరికి నవ్వబోయాడు. వరసలో మీరెందుకు మేడమ్ అన్నాడు. ఆమె రెండు చేతులూ చాపింది. గోళ్ళ నుంచి మణికట్టు దాకా నల్లగా, అక్కడక్కడ సొన కాల్చిన బొబ్బలతో ఉన్నాయి. అతని నవ్వు ఆగిపోయింది.

"ఈ పిల్లోళ్ళ చేతులెట్లుండాయో నావీ అట్లనే ఉండాయి సార్. నేను ముందర కూర్చోవాల్నా, ఎనక కూర్చోవాల్నా?"

అతను కిందకి చూస్తూ, తనకు వేరే ఉద్దేశం ఏమీ లేదనీ, మురికి మిషన్లోకి పోతే పైవాళ్ళకు తను జవాబు చెప్పుకోవాలనీ అన్నాడు. మురికి అనే మాట అనేటప్పుడు అతని గొంతు బాగా తగ్గింది. అక్క అతని చేతిరుమాలు అడిగి తీసుకుంది. మూలనున్న కుండ దగ్గరికి పోయి, చేతులు తడుపుకుని, ఆ తెల్లటి రుమాలుతో ఒక్కొక్క వేలూ గట్టిగా రుద్దింది. తర్వాత రుమాలు విప్పి అతనికి చూపించింది. నలుపు ఎక్కడా లేదు. తెగిన వేలి దగ్గర మాత్రం చిన్న ఎర్రచుక్క ఉంది.

"మురికైతే గుడ్డకు అంటాల సార్. ఇది మరక. మాకే అంటుకొని ఉంటాది, ఇంకెవరికీ అంటదు."

అతను ఆ రుమాలు తీసుకుని మడిచాడు, మళ్ళీ విప్పి ఇంకోలా మడిచాడు. అందరూ వచ్చి కూర్చోండన్నాడు. ఏ వరసలోనో చెప్పలేదు. ఆ రోజు తర్వాత గుమ్మం దగ్గర ఎవరి చేతులూ చూడలేదు. ఆ సెలవుల్లో మిషనుకు ఏ జబ్బూ చేయలేదు. బిగుసుకుపోయిన మీట కింద చివరికి దొరికింది ఒక గోడపెచ్చు.

మొదట అక్క నన్నే కూర్చోబెట్టింది. నా పేరులో మొదటి అక్షరం వెతికి నొక్కాను. వదిలితే పోతుందేమోనని అలాగే పట్టుకున్నాను. ఆ అక్షరం తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మళ్ళీ కింది వరసలోకి, పరుగులు పెట్టింది. వెనక పిల్లలు నవ్వారు. సారు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అక్క తన నల్లటి చెయ్యి నా నల్లటి చేతి మీద వేసి మెల్లగా పైకెత్తింది. నొక్కి వదలాలని చెప్పింది. చెయ్యి వదిలితే రాసింది ఎక్కడికీ పోదని చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికి పోతే అమ్మ అన్నం పెట్టకుండానే అడిగింది, ముట్టుకున్నావా అని. ముట్టుకున్నానన్నాను.

"దానికేమన్నా అయిందా?"

"ఏం గాలేదుమా."

"మరి నీకు?"

అమ్మ కంచం ముందు పెట్టి, రేపు తలకు నూనె రాసుకుని పొమ్మంది. తెల్లారే షెడ్డుకు రమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం అక్కను చూసేందుకు వాళ్ళు వచ్చారు. ఆమె కాఫీ గ్లాసులు అందించింది. అందించేటప్పుడు చేతులు దాచడానికి వీలు కాదు. వాళ్ళు కాఫీ తాగారు, ఎండలు మండిపోతున్నాయని అన్నారు, కబురు పంపిస్తామని చెప్పి పోయారు. కబురు రాలేదు. కారణం చేతులేనని నేను ఒట్టేసి చెప్పలేను. జాతకాలు కలవలేదేమో, కాఫీ బాగా లేదేమో. వాళ్ళమ్మకు మాత్రం అనుమానం లేదు. చాలాకాలం ఆ బడి ముందు నుంచి పోయేటప్పుడు మొహం అటు తిప్పుకునేది. అక్క సోమవారం పొద్దున మామూలుగా వచ్చి మాకు వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించింది. ఆ సంగతి ఆ రోజు గానీ, తర్వాత వేరే సంబంధం కుదిరి అత్తవారింటికి పోయేదాకా గానీ, ఎప్పుడూ ఎత్తలేదు.

నేను ఆ వేళ్ళతోనే బతికాను. పెళ్ళిపత్రికలూ అర్జీలూ కంప్యూటరులో కొట్టే పని చాలా ఏళ్ళు చేశాను. ఇప్పుడు తల నెరిసి, సాయంత్రాలు మా పేటలో ఆడవాళ్ళకు అదే నేర్పిస్తున్నాను. నేర్చుకున్నవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు, ఒకసారి శాలువా కూడా కప్పారు. వేసవిలో కప్పారు కాబట్టి ఆ గౌరవాన్ని ఎక్కువసేపు భరించలేకపోయాను.

అక్క ఆ రోజు సారుతో ఇంకా గట్టిగా వాదించి ఉండొచ్చు. పైవాళ్ళకు ఫిర్యాదు చేసి ఉండొచ్చు. అప్పుడు ఆమె చేతులు తెల్లగానే మిగిలేవి, మేమూ బహుశా ఒకరోజు కాకపోతే ఒకరోజు ముందుకు వచ్చేవాళ్ళం. ఆమె ఎందుకలా చేసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పను. కానీ ఎవరికైనా సాయం చేశానని లోపల కాస్త పొంగు మొదలైనప్పుడల్లా, దాంట్లో నాకేం అంటిందని ఒకసారి నా చేతుల వంక చూసుకుంటాను. చాలాసార్లు అవి శుభ్రంగానే ఉంటాయి.